ఆదివారం పిల్లల వాతావరణ ట్రిప్: పార్కు వాళ్లు కాదన్నారు, అర్జెంట్

సెక్రటరీ (గురువారం రాత్రి 9:10)
పార్కు నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ లేని గ్రూపును రానివ్వరట. 46 మంది పిల్లలు పేర్లిచ్చారు. బస్సు, బ్యానర్, టీషర్టుల లిస్టు తర్వాత చూద్దాం. ముందు దీని సంగతి చూడండి.

ట్రెజరర్ (9:25)
ఒక్కరోజుకి ఇన్సూరెన్స్ కవర్ అడిగాను. ఇస్తారట, పేపర్లు రావడానికి ఐదు పనిదినాలు పడుతుందట. బస్సు అడ్వాన్సు మాత్రం వెనక్కి రాదు.

బస్సు చూస్తున్నది నేనే (9:31)
పర్మిషన్ సంగతేంటని నెల క్రితమే అడిగాను. "అయిపోయినట్టే" అన్నారు. అయిపోయినట్టే అంటే ఇదన్నమాట.

సెక్రటరీ (9:33)
ఫోన్లో సరేనన్నారు తమ్ముడూ, సర్టిఫికెట్ మాటే ఎత్తలేదు. ప్రతిసారీ నా మీదే పడేటట్టయితే వచ్చే ఏడాది మీరే చేసుకోండి.

బస్సు (9:34)
నేనేమన్నానని అన్నా? అడగడం కూడా తప్పేనా?

సైన్స్ టీచర్ (9:52)
ఇద్దరూ కాస్త ఆగండి. నేను రాసుకున్న ఆరు పనుల్లో పార్కే కావాల్సింది చెరువు ఒక్కటే. మన ఆదివారం క్లాసుల హాలు వెనక మైదానం ఉందిగా? తారు మీద, గడ్డి మీద, చెట్టు నీడలో తలో థర్మామీటర్ పెడితే మూడూ మూడు లెక్కలు చూపిస్తాయి. ఇంకోదాని బల్బుకి తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసరాలి. ఇందాక వంటింట్లో చూశాను, ఎర్రగీత 24 నుంచి 18కి దిగింది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత దిగుతుంది. పిల్లలకి తేమంటే ఏంటో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ట్రెజరర్ (10:05)
మన హాలు ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదివాను. "హాలు, దాని ఆవరణ" అని ఉంది! మైదానం ఆవరణే కదా? రేపు పొద్దున్నే రాతపూర్వకంగా అడిగి కన్ఫర్మ్ చేస్తా.

ఒక పేరెంట్ (10:11)
సీసాకి బెలూన్ బిగించి గాలి ప్రెషర్ కొలిచే బారోమీటర్ చేయిద్దామా అక్కా?

సైన్స్ టీచర్ (10:14)
వద్దండీ. ఎండలో పెడితే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, పిల్లలేమో ప్రెషర్ మారిందనుకుంటారు. నిలువు సీసా పైభాగం కోసి వానమాపకం చేద్దాం. అందులో ఒక మిల్లీమీటరు పడిందంటే చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్లు పడ్డట్టు.

సెక్రటరీ (10:20)
మధ్యాహ్నం ఉరుములంటున్నారు, చూశారా?

సైన్స్ టీచర్ (10:23)
చూశాను. మెరుపు తర్వాత ఉరుము 30 సెకన్లలోపే వినబడితే అందరూ హాల్లోకి. చివరి ఉరుము అయ్యాక అరగంట వరకు ఎవరూ బయటికి రాకూడదు. పార్కులో అయితే ఎక్కడికి పరిగెత్తేవాళ్లం?

బస్సు (11:40)
బస్సు క్యాన్సిల్ చేశాను. మా పెరట్లో పైన్ కాయలు రాలి ఉంటే నాలుగు ఏరి చన్నీళ్లలో వేశా. గంటకి పొలుసులన్నీ ముడుచుకుని పిడికిలిలా అయ్యాయి. ఆరితే మళ్లీ విచ్చుకుంటాయట. అన్నా, పొద్దున ఒక పది కాయలు మీకు ఇచ్చి వెళ్తా, ఆరబెట్టండి.

సెక్రటరీ (11:46)
పట్రా తమ్ముడూ. బ్యానర్ మీద పార్కు పేరు అచ్చేశారు, దాన్నేం చేద్దాం?

సైన్స్ టీచర్ (11:50)
తిరగేసి నేల మీద పరవండి. 1802లో లూక్ హోవార్డ్ మేఘాలకి పెట్టిన పేర్లు, సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్, మూడు వరుసలుగా రాద్దాం. పిల్లలు పైకి చూసి ఏది కనిపిస్తే ఆ వరుసలో బొమ్మ గీస్తారు. సూర్యుడి వైపు మాత్రం చూడొద్దని గట్టిగా చెప్పాలి. లావు మార్కర్లు ఎవరి దగ్గరున్నాయి?