కాలవ గట్టు మీది ఇళ్లవాళ్లకి స్థలం ఇస్తే చాలా, ఇల్లు కట్టివ్వాలా?

కోనసీమ కొబ్బరాకు: వేసవిలో కాలవలు కట్టేసి పూడిక పనులు మొదలెట్టారంటే గట్టు మీద పాకలవాళ్లకి ఖాళీ చేయిస్తారని టెన్షన్. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో గత ప్రభుత్వం మొదలెట్టిన పేదల ఇళ్ల పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం, ఇంటికి 1.80 లక్షలు ఇచ్చారు. ఈ ప్రభుత్వం పల్లెల్లో మూడు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంటోంది. అంతమాత్రాన గట్టు దిగుతారా?

పాడిరైతు: మూడు సెంట్లిస్తే దిగుతారండి. సెంటున్నరంటే 72 గజాలే. మంచాలు వేసుకోవాలా, గేదెని కట్టుకోవాలా?

తాపీపని: సెంట్ల లెక్క తర్వాత, ముందు మెరక సంగతి చూడండి. మా పక్క లేఅవుట్ నిన్నటిదాకా వరిచేను. రోడ్డుకి మూడడుగుల పల్లం. పునాది తవ్వితే తెల్లారేసరికి ఊట. బుసక తోలించి, పునాది లేపాకే సర్కారు మొదటి బిల్లు. రోజుకూలీ ముందు పెట్టుబడి ఎక్కణ్ణుంచి తెస్తాడు? వడ్డీకి తెచ్చి కొందరు గోడలదాకా లేపారు, అక్కడే ఆగాయి. రాజమండ్రి దగ్గర బూరుగుపూడిలో ఆవ భూముల, అంటే నీళ్లు నిలిచే పల్లపు భూముల, ముంపు గొడవ హైకోర్టుదాకా వెళ్లిందంటే ఊరికే వెళ్లిందా? డెల్టాలో మెరక చేయని స్థలం ఇవ్వడమంటే చెరువుకి పట్టా రాసివ్వడమే.

సర్కారు లెక్క: ఆగిపోయిన ఇళ్లకి 2025లో ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు అదనంగా ప్రకటించారు కదా. అన్నీ సర్కారే చేయాలంటే ఎలా? స్థలం అమ్ముకుని మళ్లీ గట్టెక్కేవాళ్లూ ఉన్నారు.

తాపీపని: ఉన్నారు, కాదనను. ఊళ్లో నాట్లకి పిలిస్తే లేఅవుట్ నుంచి ఆటోకే కూలి డబ్బులు సగం పోతే ఏం చేస్తారు మరి? అదనపు సాయం మంచిదే, కానీ అది పునాది లేపిన తర్వాతి కబురు.

రాజమండ్రి అద్దెకొంప: పోనీ కట్టిన ఇళ్లంటే, పట్టణ పేదలకి సర్కారు కట్టించిన టిడ్కో అపార్టుమెంట్లు చూశాం. 300, 365, 430 చదరపు అడుగులు. గోడలు గట్టివే. కానీ పెద్దవాటికి బ్యాంకు అప్పుంది. మూడో అంతస్తులో గేదె సంగతి పాడిరైతు గారే చెప్పాలి.

కోనసీమ కొబ్బరాకు: ఆయ్, అర్థమైంది. పల్లెల్లో అపార్టుమెంట్లు వద్దు. లేఅవుట్ మొత్తం సర్కారే మెరక చేసి, పునాదులు లేపి అప్పగించాలి, పైన ఎవరిల్లు వాళ్లు కట్టుకుంటారు. గోదావరి వరద మట్టం చూడకుండా పట్టా ఇవ్వకూడదు. సర్కారు లెక్క గారూ, దీనికేమంటారు?

సర్కారు లెక్క: పునాదిదాకా ఒప్పుకుంటాను. పదేళ్లు అమ్మకూడదన్న షరతు గట్టిగా అమలు చేయండి.