48,000 బిల్లుకి 42,400 పడింది, ఎవరైనా చెప్పండి బాబూ

బొమ్మలబాబు (పర్లాకిమిడి): పొద్దున్నుంచి క్యాలిక్యులేటర్ పట్టుకు కూర్చున్నా, లెక్క తేలడం లేదు. నేను ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్‌ని. హైదరాబాద్ పబ్లిషర్‌కి పిల్లల కథలకి 12 బొమ్మలు గీశా, బొమ్మకి 4,000. బ్యాంకులో 42,400 పడింది. ఫోన్ చేస్తే "అకౌంట్స్ వాళ్లు చూస్తారండీ" అంటున్నారు. మాది ఒడిశా కాబట్టి రాష్ట్రం దాటిందని జీఎస్టీ కోశారా? ఒక్క ఏనుగు తొండమే మూడుసార్లు మార్పించారు, దానికి పైసా అడగలేదు నేను.

లెక్కలక్క (జయపురం): జీఎస్టీ కాదు. అది ఉంటే బిల్లు మీద కలుస్తుంది గానీ అందులోంచి కోయరు. ఏడాదికి 20 లక్షలు దాటకపోతే మీకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు, వేరే రాష్ట్రానికి గీసినా సరే. ఇది టీడీఎస్ అయ్యుంటుంది, అంటే డబ్బిచ్చేవాళ్లే ముందుగా కోసి మీ పేరున కట్టే ఆదాయపు పన్ను. పాన్ ఇచ్చారా? డబ్బు ఏ నెలలో పడింది?

గుణుపురం కుర్రాడు: 26ఏఎస్ చూడు, నీ పాన్ మీద కట్టిన పన్నుల లెక్క అందులో ఉంటుంది.

బొమ్మలబాబు: చూశా తమ్ముడూ, ఏమీ లేదు. పాన్ ఇచ్చాను. 2025 డిసెంబరులో పడింది. టీడీఎస్ అయితే 10 శాతం, 4,800 కదా? మిగతా 800 ఏమైనట్టు?

బరంపురం మాస్టారు: డబ్బు సంగతి తర్వాత. హక్కులు రాసిచ్చారా? కాపీరైట్ బదిలీకి సంతకంతో రాత ఉండాలి, 1957 చట్టం 19వ సెక్షన్. కాలం రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. రేపు మీ ఏనుగు టీషర్టుల మీద ఊరేగితే లబోదిబోమంటారు. అసలు చిత్రకారుడు అనే మాట ఉండగా ఇలస్ట్రేటర్ ఏమిటి?

గుణుపురం కుర్రాడు: గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరివాడికి గ్రాంథికం నేర్పుతారా మాస్టారూ? బొమ్మలు గీసేవాడంటే చాలదా?

బరంపురం మాస్టారు: చిత్రకారుడు గ్రాంథికం ఎప్పుడైంది? రోజూ పేపర్లో వచ్చే మాటే. పెద్దాయన్ని అనవసరంగా లాగకండి.

లెక్కలక్క: మీరిద్దరూ కాస్త ఆగండి. బాబూ, ఏప్రిల్ తర్వాత వాళ్లకే ఇంకేమైనా చేశారా?

బొమ్మలబాబు: జూన్‌లో ఒక కవర్ పేజీ, 8,000. అది మొత్తం ఇచ్చేశారు. దానికీ దీనికీ ఏం సంబంధం?

లెక్కలక్క: అదే సంబంధం! ఆ ముక్క ముందే చెప్పాలి కదా. 1961 ఆదాయపు పన్ను చట్టంలో వృత్తి ఫీజుల మీద టీడీఎస్ సెక్షన్ 194జె కింద, ఒకే పార్టీ ఏప్రిల్ నుంచి లెక్కేసే ఏడాదిలో ఇచ్చేది 50,000 దాటితే కోస్తారు. 2025 ఏప్రిల్‌కి ముందు 30,000 ఉండేది. జూన్‌లో దాటలేదని వదిలేశారు. డిసెంబరుకి 56,000 అయింది, మొత్తం మీద 10 శాతం పట్టారు. అదే మీ 5,600. అక్టోబరు-డిసెంబరు మూడు నెలల టీడీఎస్ రిటర్న్‌కి జనవరి 31 దాకా గడువుంది, వాళ్లు వేసేదాకా 26ఏఎస్‌లో కనబడదు. ఫిబ్రవరిలో ఫారం 16ఏ, అంటే టీడీఎస్ కోసినట్టు సర్టిఫికెట్, అడగండి. మీకు పన్ను పడకపోతే మీ ఆదాయపు పన్ను రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

బరంపురం మాస్టారు: హక్కుల మాట ఇంకా చెప్పలేదు.

బొమ్మలబాబు: వాట్సాప్‌లో "ఓకే" అన్నా మాస్టారూ, అంతే. థాంక్స్ అక్కా, కరెంటు పోయింది, మళ్లీ వస్తా.

గుణుపురం కుర్రాడు: ఆ ఏనుగు బొమ్మ పెట్టన్నా, చూద్దాం.