అప్‌డేట్: జీటీడీ గ్రాఫ్‌లో 1993 ఖాళీ, 2012 ఎగుడు – కారణం తేలింది

ప్రపంచవ్యాప్త ఉగ్రదాడుల వివరాలుండే గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ (జీటీడీ)తో ఏడాదివారీ దాడుల గ్రాఫ్ గీస్తే 1993 దగ్గర సున్నాకి పడిపోయి, 2012లో ఒక్కసారిగా లేస్తోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కోడ్‌బుక్ (డేటాలోని కాలమ్‌లను, సేకరణ పద్ధతిని వివరించే పత్రం) చదవమన్న సలహాతోనే ముడి వీడింది.

1997 దాకా ఉన్న సమాచారం పింకర్టన్ అనే ప్రైవేటు భద్రతా సంస్థ కార్డుల మీద రాసి పెట్టింది. అందులో 1993 కార్డులు ఈ డేటాబేస్ తయారుచేసిన మేరీలాండ్ యూనివర్సిటీ చేతికి రాకముందే పోయాయి. అందుకే ఆ ఏడాది మార్చి 12 బొంబాయి పేలుళ్లు కూడా మెయిన్ ఫైల్లో కనిపించవు. దొరికిన కొద్దిపాటి ఘటనలు వేరే ఫైల్లో ఉన్నాయి, వాటిని ఇందులో కలపకండి. గ్రాఫ్‌లో ఆ చోట గీత తెంపేయాలి, సున్నా పెట్టకూడదు.

2012 సంగతి వేరు. 2011 నవంబర్ నుంచి ఆ యూనివర్సిటీలోని ఉగ్రవాద పరిశోధన కేంద్రం స్టార్టే సేకరణ చేపట్టి పద్ధతి మార్చింది. ఆ పెరుగుదలలో నిజంగా పెరిగిన దాడులెన్నో, పద్ధతి వల్ల వచ్చినవెన్నో విడదీయడం కష్టం. రిగ్రెషన్‌లో (అంశాల మధ్య సంబంధాన్ని అంచనా వేసే గణాంక పద్ధతి) ఆ కాలానికి డమ్మీ వేరియబుల్ (ఆ కాలమైతే 1, కాకపోతే 0 ఉండే కాలమ్) పెట్టడం కనీస జాగ్రత్త.

ఎక్సెల్ వెర్షన్ వల్లనో, ఎన్‌కోడింగ్ (ఫైల్లో అక్షరాలు భద్రపరిచే పద్ధతి) వల్లనో అన్న అనుమానాలకు దీంతో సంబంధం లేదు. ఫైల్ తెరిచినప్పుడు వచ్చే తేదీల ఎర్రర్ మాత్రం రోజు తెలియని ఘటనలకు 0 వేయడం వల్ల. మృతుల సంఖ్య ఉండే ‘ఎన్‌కిల్’ కాలమ్ ఖాళీగా ఉంటే అది తెలియదని అర్థం, సున్నాగా నింపొద్దు.