పాత కోడున్న టీములో టీడీడీని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. ఏడుగురున్న మా టీము ఆరేళ్లుగా నడుస్తున్న ఒక జావా బిల్లింగ్ అప్లికేషన్‌ను చూసుకుంటోంది. మూడు నెలల క్రితం మేనేజరు గారు ఇకపై టీడీడీ (టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్) పాటించాలని, కవరేజీ, అంటే టెస్టులు నడిపించే కోడు శాతం, 80 దాటాలని చెప్పారు. అప్పటి నుంచి అందరూ కోడంతా రాసేసి, ఆ అంకె కోసం చివర్లో టెస్టులు చేరుస్తున్నారు. పని ఆలస్యమవుతోంది, బగ్గులు తగ్గలేదు. లోపం పద్ధతిదా, మాదా?

సమాధానం: మీరు చేస్తున్నది టీడీడీ కాదండీ. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కెంట్ బెక్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి ప్రాణం టెస్టుల సంఖ్య కాదు, క్రమం: ముందు ఒక చిన్న టెస్టు రాసి, అది ఫెయిలవడం కళ్లారా చూసి, పాసవడానికి సరిపడా కోడు మాత్రమే రాసి, ఆ తర్వాత టెస్టులన్నీ పాసవుతుండగానే కోడును చక్కదిద్దుకోవాలి. అసర్షన్ (ఫలితం సరైనదో కాదో చూసే వాక్యం) ఒక్కటీ లేని టెస్టు కూడా కవరేజీని పెంచుతుంది కనుక, ముందుగా ఆ 80 శాతం నియమాన్ని పక్కన పెట్టించండి.

పాత కోడు మొత్తానికి టెస్టులు రాయాలని కూర్చోవద్దు. ఈసారి వచ్చే బగ్గుతో మొదలుపెట్టండి. ఉదాహరణకు, రూ. 10.03 ధర గల మూడు వస్తువులపై 18 శాతం జీఎస్టీని విడివిడిగా లెక్కించి రౌండ్ చేస్తే రూ. 5.43 వస్తుంది, మొత్తంపై లెక్కిస్తే రూ. 5.42 వస్తుంది. ఏది సరైనదో అకౌంట్స్ వారిని అడిగి, ఆ జవాబునే టెస్టుగా రాయండి. అది ఫెయిలయ్యాకే కోడును ముట్టుకోండి.

ప్రశ్న: మా లెక్కల క్లాసు నేరుగా డేటాబేసును పిలుస్తుంది. టెస్టు రాయడానికే వీలు లేదు.

సమాధానం: ముందుగా, ప్రస్తుతం ఏ ఇన్‌పుట్‌కు ఏ ఫలితం వస్తోందో, అది తప్పైనా సరే, ఉన్నదున్నట్టు పట్టి ఉంచే రెండు మూడు టెస్టులను టెస్ట్ డేటాబేసుతోనైనా రాసుకోండి. అవి నెమ్మదిగా నడిచినా ఫరవాలేదు. తర్వాత లెక్క భాగాన్ని, అంకెలు తీసుకుని అంకెలు మాత్రమే ఇచ్చే వేరే మెథడ్‌గా విడదీయండి. డేటాబేసుకు బదులుగా మాక్‌ల (టెస్టు కోసం పెట్టే నకిలీ భాగాల) మీద మాక్‌లు పేర్చడం నాకు నచ్చదు. కోడులో చిన్న మార్పు చేసినా అవన్నీ విరుగుతాయి.

ప్రశ్న: ఆలస్యం గురించి మేనేజరు గారికి ఏమని చెప్పాలి?

సమాధానం: దాచవద్దు. మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థల్లో టీడీడీ పాటించిన నాలుగు టీములపై 2008లో వెలువడిన అధ్యయనంలో, విడుదలకు ముందు దొరికిన లోపాల సాంద్రత, టీడీడీ పాటించని అలాంటి ప్రాజెక్టులతో పోలిస్తే, 40 నుంచి 90 శాతం వరకు తగ్గింది; మేనేజర్ల అంచనా ప్రకారం తొలి అభివృద్ధి సమయం 15 నుంచి 35 శాతం పెరిగింది. నాలుగు టీముల ఫలితం మీకూ వర్తిస్తుందని హామీ ఇవ్వలేం కనుక, బిల్లింగ్ లెక్కల భాగం వరకే, ఇద్దరితో, రెండు స్ప్రింట్‌ల (చిన్న పని విడతల) పాటు ప్రయత్నించడానికి అనుమతి అడగండి. స్క్రీన్ల డిజైనును ఇందులోకి లాగకండి.