బ్యాకప్ డిస్క్ రీస్టోర్ చేసి రెండో సర్వర్ తయారుచేయడం సరైనదేనా?

చీమకుర్తి_సిస్టమ్స్

అందరికీ నమస్కారం. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ చూసుకునేది నేనొక్కడినే. ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉన్న మా ఆఫీసులో ఒకే సర్వర్ ఉంది, విండోస్ సర్వర్ 2012 ఆర్2. డొమైన్ కంట్రోలర్ (కంప్యూటర్లన్నిటి లాగిన్లనూ చూసే సర్వర్) అదే, ఫైల్ షేరింగ్ అదే. బ్లాకుల కొలతలు, స్లాబుల స్టాకు, బిల్లింగ్ ఉండే ఎస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా దాంట్లోనే. రోజూ రాత్రి విండోస్ సర్వర్ బ్యాకప్ సిస్టం మొత్తాన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి తీస్తుంది.

ఇప్పుడు ఫ్యాక్టరీలో కూడా ఒక సర్వర్ పెట్టమన్నారు ఓనరు గారు. కొత్త మిషన్ వచ్చింది. బిగించడానికి వచ్చిన ఇంజినీరు, ఆ బ్యాకప్ డిస్క్ తగిలించి కొత్తదాంట్లో రీస్టోర్ కొట్టేద్దాం, పేరు, ఐపీ మారిస్తే రెండో సర్వర్ రెడీ, రెండు గంటల పని అంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. అలాగని కొత్తగా ఇన్‌స్టాల్ చేద్దామంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చినాయన ఆ పని మానేసి చాలా కాలమైంది, సెటప్ సీడీ కూడా లేదు. మీరైతే ఏం చేస్తారు?

నెల్లూరు_సర్వీస్

తమ్ముడూ, రీస్టోర్ చెయ్యి. నేను ఎన్నోసార్లు ఇట్టాగే చేశాను. 2021 నవంబర్‌లో పెన్నా వరద వచ్చినప్పుడు కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లులో సర్వర్ మునిగిపోయింది. బ్యాకప్ డిస్క్ మేడ మీద ఉండబట్టి బతికింది. వేరే కంపెనీ మిషన్ తెచ్చి, దాంట్లో రీస్టోర్ చేశాను. కాటా బిల్లులతో సహా అంతా ముందున్నట్టే లేచింది. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే యూజర్లు, షేర్లు, పర్మిషన్లు, ప్రింటర్లు అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. ఎక్కడో ఒకటి మర్చిపోతాం, నెల తర్వాత బయటపడుతుంది. పైగా సెటప్ లేని సాఫ్ట్‌వేర్‌కి రీస్టోర్ తప్ప దారేముంది?

కావలి_నెట్‌వర్క్

అన్నా, మీరు మిల్లులో చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. కానీ అక్కడ పాత మిషన్ పోయింది, దాని స్థానంలోకి కొత్తది వచ్చింది. ఇక్కడ పాతది పనిచేస్తూనే ఉంది. ఒకే మనిషి ఆధార్ కార్డుతో ఇద్దరు తిరిగినట్టు ఉంటుంది వీళ్ల పరిస్థితి.

ముఖ్యంగా అది డొమైన్ కంట్రోలర్. డొమైన్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కీ మనకు కనిపించని పాస్‌వర్డ్ ఒకటి ఉంటుంది. మామూలుగా 30 రోజులకోసారి దాన్ని కంప్యూటర్ తనంతట తనే మార్చుకుని సర్వర్‌కి చెబుతుంది. ఫ్యాక్టరీలో ఉన్న పీసీ ఒక రోజు కాపీ సర్వర్‌కి చెబుతుంది. ఒంగోలు సర్వర్‌కి ఆ సంగతి తెలియదు. తర్వాత ఆ పీసీ ఒంగోలు సర్వర్ దగ్గరికి పోతే ట్రస్ట్ రిలేషన్‌షిప్ తెగిపోయిందని మెసేజ్ వస్తుంది, లాగిన్ కాదు. కొత్త యూజర్లకు నంబర్లు పంచే అధికారం కూడా రెండిట్లోనూ ఉంటుంది. ఒకే నంబరు అక్కడ ఒకరికి, ఇక్కడ ఇంకొకరికి పోతుంది. తర్వాత షేర్లలో ఎవరి పర్మిషన్ ఎవరికి వచ్చిందో విడదీయడం ఎవరి తరమూ కాదు. పేరు, ఐపీ మార్చినంత మాత్రాన ఇవేవీ పోవు.

నెల్లూరు_సర్వీస్

ఒకే ఎస్ఐడీ (విండోస్ మిషన్‌కి ఉండే గుర్తింపు నంబరు) ఉంటే ప్రమాదం అనేది పాత భయం తమ్ముడూ. 2009లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే మార్క్ రస్సినోవిచ్ స్వయంగా, రెండు మిషన్లకు ఒకే ఎస్ఐడీ ఉన్నా పెద్దగా నష్టం లేదని రాసి, ఎస్ఐడీని మార్చే తన న్యూఎస్ఐడీ టూల్‌ను ఆపేశాడు. మన ఊళ్లలో ఒకే ఇమేజ్‌తో (ఒక డిస్క్ పూర్తి కాపీతో) కాలేజీ ల్యాబులన్నీ నడుస్తున్నాయి కదా.

కావలి_నెట్‌వర్క్

ఆయన చెప్పింది మామూలు కంప్యూటర్ల గురించి, డొమైన్ కంట్రోలర్ల గురించి కాదు. ఇమేజ్‌ను చాలా మిషన్లకు వాడితే సిస్‌ప్రెప్ (కాపీకి ముందు మిషన్ గుర్తింపులను తీసేసే విండోస్ టూల్) చేయాలన్నది మైక్రోసాఫ్ట్ అప్పుడూ వదల్లేదు. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్లతో విండోస్ 11 24హెచ్2, సర్వర్ 2025 ఇప్పుడు దీన్ని పట్టుకుంటున్నాయి. ఒకే ఎస్ఐడీ ఉన్న రెండు మిషన్ల మధ్య లాగిన్‌నే తిరస్కరిస్తున్నాయి. ల్యాబ్ పీసీలకైతే ముందు సిస్‌ప్రెప్ చేసి ఇమేజ్ తీస్తే సరిపోతుంది. డొమైన్ కంట్రోలర్ మీద సిస్‌ప్రెప్ నడవనే నడవదు.

ఒంగోలు_లైనక్స్

నేను ఇంజినీరింగ్ కాలేజీలో లైనక్స్ సర్వర్లు చూస్తాను. అక్కడ క్లోనింగ్ తేలిక. డిస్క్ కాపీ చేసే క్లోన్‌జిల్లాతో తీసి ఇంకోదాంట్లో పోస్తే చాలాసార్లు లేస్తుంది. లేచాక మెషిన్-ఐడీ ఫైలు, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (రెండూ ఆ సర్వర్ గుర్తింపులే) కొత్తగా పుట్టించాలి. ఒకసారి మెషిన్-ఐడీ మార్చడం మర్చిపోతే రెండు ఉబుంటు సర్వర్లకూ డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సర్వీసు) ఒకే ఐపీ ఇచ్చింది. తప్పెక్కడుందో దొరకడానికి నాకు పూర్తిగా ఒక రోజు పట్టింది.

అసలు నేను అడగాలనుకున్నది వేరే. చీమకుర్తి గారూ, బిల్లింగ్ డేటాబేస్ రెండు చోట్లా ఉండాలని మీరు నిజంగా అనుకుంటున్నారా? రీస్టోర్ చేసిన క్షణం నుంచి రెండూ వేరు దారులు పడతాయి. ఫ్యాక్టరీలో ఒక స్లాబు లారీకి ఎక్కితే ఒంగోలు స్టాకులో అది అలాగే ఉంటుంది. ఒకే బిల్లు నంబరు రెండు పార్టీలకు పడుతుంది. సాయంత్రం కూర్చుని ఈ రెండిటినీ కలిపేదెవరు? జీఎస్టీ రిటర్నులో ఒకే నంబరు రెండుసార్లు వస్తే మీ అకౌంటెంట్ ఏం చేయాలి? నా దృష్టిలో ఇది క్లోనింగ్ ప్రశ్న కన్నా పెద్దది, ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

చీమకుర్తి_సిస్టమ్స్

మేడం, అది నాకు తట్టనే లేదు. ఓనరు గారికి కావాల్సింది ఫ్యాక్టరీలో కూడా బిల్లు కొట్టగలగడం, ఒంగోలు సర్వర్ పోతే పని ఆగకపోవడం. ఈ రెండూ ఒకటే అనుకున్నాను.

నెల్లూరు_సర్వీస్

మేడం చెప్పిన మాట నిజం. డేటాబేస్ రెండు చోట్ల నడపమని నేను చెప్పను. డొమైన్ కంట్రోలర్ విషయంలో కూడా కావలి తమ్ముడు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నేను రీస్టోర్ చేసినవాటిలో ఎక్కడా పాతది పక్కన బతికి లేదు. కానీ ఒక మాట వదలను. ఆ బ్యాకప్ డిస్క్‌ను ఇంతవరకూ ఒక్కసారైనా రీస్టోర్ చేసి చూశారా? చూడకపోతే మీ దగ్గర బ్యాకప్ ఉందో లేదో మీకే తెలియదు. కొత్త మిషన్ ఖాళీగా ఉన్నప్పుడే నెట్‌వర్క్ కేబుల్ పీకేసి రీస్టోర్ చెయ్యి. లేస్తుందో లేదో చూడు, తర్వాత తుడిచెయ్యి. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు.

కావలి_నెట్‌వర్క్

దీనికి నేనూ చెయ్యెత్తుతాను. తుడిచాక కొత్తగా సర్వర్ 2022 వేసి, ఉన్న డొమైన్‌లోనే అదనపు డొమైన్ కంట్రోలర్‌గా చేర్చండి. యూజర్లు, గ్రూపులు అవంతట అవే వచ్చేస్తాయి. సర్వర్ 2025 మాత్రం పెట్టకండి. దాన్ని డొమైన్ కంట్రోలర్ చేయాలంటే డొమైన్ స్థాయి (అందులోని డొమైన్ కంట్రోలర్లన్నీ కనీసం ఏ వెర్షన్‌వో చెప్పేది) 2016 ఉండాలి, మీ 2012 ఆర్2 ఉన్నంతకాలం అక్కడికి చేరలేరు. ఆ పాతదానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2023 అక్టోబర్‌తోనే అయిపోయింది, దాన్నీ ఎప్పటికైనా దించాల్సిందే.

చీమకుర్తి_సిస్టమ్స్

పది రోజుల తర్వాత రాస్తున్నాను. అన్న చెప్పినట్టు కేబుల్ పీకి మొదలుపెట్టాను. మొదటిసారి రీస్టోర్ అసలు మొదలే కాలేదు. పాత డిస్క్ 1 టీబీ, కొత్త మిషన్‌లో 960 జీబీ ఎస్ఎస్‌డీ. డేటా మూడు వందల జీబీ కూడా లేదు, అయినా డిస్క్ చిన్నదని ఒప్పుకోలేదు. ఒంగోలు వెళ్లి 2 టీబీ డిస్క్ కొనుక్కొచ్చాను. రెండోసారి, బ్యాకప్ పాత బయాస్ పద్ధతిలో బూట్ అయ్యే మిషన్‌ది, ఈ మిషన్ కొత్త యూఈఎఫ్ఐ పద్ధతిది అని ఆగింది. సెట్టింగ్స్‌లో లెగసీ మోడ్ (పాత బయాస్ పద్ధతి) పెట్టాక నడిచింది. బిల్లింగ్ తెరిచాను, నిన్నటి బిల్లు కనిపించింది. రెండు గంటలన్న పని రెండు రోజులు పట్టింది. నిజంగా ఒంగోలు సర్వర్ పోయిన రోజున ఇదంతా జరిగి ఉంటే, గేటు దగ్గర లారీలు నిలబడి ఉండగా నేను డిస్క్ కోసం ఒంగోలు పరిగెత్తేవాణ్ని.

ఇప్పుడు ఆ 2 టీబీ డిస్క్‌కి పేరు రాసి బీరువాలో పెట్టాను. ఎస్ఎస్‌డీలో 2022 వేసి అదనపు డొమైన్ కంట్రోలర్ చేశాను. ఫ్యాక్టరీవాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌తో ఒంగోలు సర్వర్‌లోనే బిల్లు కొడుతున్నారు. ఇంటర్నెట్ ఆగినప్పుడు మాత్రం చేతి బిల్లు పుస్తకమే. రోజువారీ బ్యాకప్ డిస్క్ ఇంకా ఒంగోలు సర్వర్ పక్కనే ఉంటోంది. రెండోది కొని, వారానికొకటి మార్చి ఫ్యాక్టరీకి పంపుదామని ఓనరు గారిని అడిగాను. సోమవారం చెబుతానన్నారు.