బార్సిలోనాలో కార్లకు దీవెన: ఇంకా అవసరమా?

కాటలాన్_కబుర్లు: బార్సిలోనా పాత ఊళ్లో రెగొమీర్ అని ఒక ఇరుకు వీధి. అక్కడ ప్రయాణికుల రక్షకుడైన పునీత క్రిస్టోఫర్ పేర చిన్న ప్రార్థనాలయం ఉంది. 1907 నుంచి ఆయన పండుగకి, అంటే జూలై 10న, అక్కడ కార్లను దీవిస్తున్నారు. కార్లు వరసగా గుమ్మం ముందుకొస్తాయి, ఫాదర్ పవిత్ర జలం చల్లుతారు, డ్రైవర్ ముందుకు పోనిస్తాడు. బాగానే ఉంది. కానీ అదే నగరం 2020 జనవరి నుంచి, పొగ ఎక్కువ వదిలే పాత బండ్లను పని రోజుల్లో ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా తిరగనివ్వడం లేదు. ఓ పక్క కార్లు తగ్గించండి అంటూ, ఇంకో పక్క వాటికే దీవెనలా? నన్నడిగితే ఆ వీధిలో ఈ దీవెన ఆపేయడమే మేలు.

స్టీరింగ్_సుబ్బారావు: ఏడాదికి ఒక్క రోజండీ! దసరాకి టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించే మనమా వాళ్లకి చెప్పేది?

తర్కం_తమ్ముడు: అసలు 1969లో పోపే ఈ క్రిస్టోఫర్‌ని చర్చి పండుగల కేలండర్ నుంచి తీసేశారు కదా. చర్చి వదిలేసిన సాధువు కోసం ట్రాఫిక్ జామ్ ఎందుకు?

జపమాల: తమ్ముడూ, సగం విని తీర్పు చెప్పకు. తీసింది ప్రపంచమంతటికీ వర్తించే కేలండర్ నుంచి మాత్రమే. సాధువుల అధికారిక జాబితాలో ఆయన పేరు జూలై 25 కింద ఇప్పటికీ ఉంది. స్పెయిన్‌లో ఆ రోజు సెయింట్ జేమ్స్‌ది, అందుకే అక్కడ ఈయనకి 10వ తేదీ. బాలయేసుని భుజాన మోసి ఏరు దాటించాడన్నది కథే కావచ్చు. ఘాట్ రోడ్డు ఎక్కేముందు దండం పెట్టుకునేవాడికి ఆ లెక్కలెందుకు?

తర్కం_తమ్ముడు: దండం పెట్టుకుని సీటు బెల్టు మర్చిపోయేవాళ్లే నా టెన్షన్ అక్కా.

లారీ_బాబాయ్: మీరంతా నగరం ఒక్కటే చూస్తున్నారు. బార్సిలోనా చుట్టూ ఉన్న కాటలోనియా ప్రాంతం పల్లెల్లో ఈ పండుగకి ట్రాక్టర్లు, లారీలు హారన్లు మోగిస్తూ వస్తాయి. బండే వాళ్ల బతుకుతెరువు. దీనికి అన్నలాంటి పండుగ జనవరిలో, పశువుల రక్షకుడు సెయింట్ ఆంటొనీది. గుర్రాలు, గాడిదలు, బండ్లు మూడు చుట్లు తిరుగుతాయి కాబట్టి 'త్రెస్ తొంబ్స్' అంటారు. ఇగ్వలాద ఊళ్లో 1822 నుంచి ఉందట. లారీలొచ్చి బండివాళ్ల పని పోయింది, పండుగ మాత్రం పోలేదు. రేపు డీజిల్ పోయినా ఇదీ అంతే.

కాటలాన్_కబుర్లు: బాబాయ్, పల్లెల సంగతి నేనెత్తలేదు. అక్కడ నిక్షేపంగా చేసుకోనివ్వండి. మనుషులు నడవడానికే చోటు లేని రెగొమీర్‌లో కార్ల వరసెందుకన్నదే నా ప్రశ్న.

జపమాల: ఆ గుమ్మం ముందు కాకుండా ఏ పార్కింగ్ స్థలంలోనో చేస్తే అది కార్‌వాష్ అవుతుంది నాయనా. చోటు మార్చొద్దు, వచ్చే బండి మారాలి. వానలో, ఎండలో పార్సెళ్లు మోసే డెలివరీ కుర్రాళ్ల సైకిళ్లని ముందు నిలబెట్టమనండి. బరువు మోసిన సాధువుకి వాళ్లే దగ్గర.

తర్కం_తమ్ముడు: అక్కా, దీనికి నేనూ ఓటేస్తా. మరి కార్లు?

స్టీరింగ్_సుబ్బారావు: చాలా ఊళ్లలో చేసినట్టు దగ్గర్లోని ఆదివారానికి మార్చుకుంటే సరి. ఆదివారం ఆ పొగ నిబంధన ఉండదు, ఎవరికీ ఫైన్ పడదు.

కాటలాన్_కబుర్లు: భలే చెప్పారు సుబ్బారావుగారూ! ఆపాల్సిన పొగబండికి దీవెనతో పాటు దారి కూడా మీరే చూపిస్తున్నారు. ఆదివారం సరే, కానీ పెట్రోలు, డీజిల్ బండ్లు ఆ వీధి మొదట్లోనే ఆగాలి. ఫాదర్‌గారే నాలుగడుగులు వేసి అక్కడికొచ్చి జలం చల్లుతారు. దీనికి ఒప్పుకుంటారా?

స్టీరింగ్_సుబ్బారావు: నాకైతే ఓకే. బాబాయ్ లారీ ఎలాగూ ఆ వీధిలో పట్టదు.