ల్యూక్, నోవాల కథను ఇంతగా పాడుచేయడానికి కారణం ఏమిటి?

ప్రశ్న (పాత ఎపిసోడ్ల ప్రేక్షకురాలు)

అమెరికాలో సీబీఎస్ ఛానల్ ప్రసారం చేసిన ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ సీరియల్‌లో ల్యూక్ స్నైడర్, నోవా మేయర్ల కథ వచ్చే ఎపిసోడ్లను ఏరుకొని, మొదటినుంచి చివరిదాకా వరుసగా చూడటం ఈమధ్యే పూర్తిచేశాను. చూస్తున్నంతసేపూ పడిన బాధ ఇంకా మనసులోంచి పోలేదు. అందుకే ఈ సీరియళ్లను ఏళ్ల తరబడి గమనిస్తున్నవారిని అడిగి తెలుసుకోవాలని రాస్తున్నాను.

మొదట్లో ఆ కథను ఎంతో శ్రద్ధగా రాశారు. ల్యూక్ తల్లిదండ్రులు లిలీ, హోల్డెన్‌ల కథను ప్రేక్షకులు అప్పటికే ఇరవయ్యేళ్లుగా చూస్తున్నారు కాబట్టి, 2006లో తాను గే అని ల్యూక్ ఇంట్లో చెప్పినప్పుడు రేగిన కలవరం తెలిసినవారి ఇంట్లో జరిగినట్టే ఉంటుంది. ఆ మరుసటి ఏడు ఆగస్టు 17న, అప్పటిదాకా మ్యాడీ అనే అమ్మాయితో తిరుగుతున్న నోవాకు ల్యూక్ టై సరిచేస్తుండగా, నోవాయే చొరవ తీసుకొని అతణ్ణి ముద్దు పెట్టుకుంటాడు. చాలాకాలంగా తనను తాను అదుపులో పెట్టుకున్న మనిషికి ఒక్క క్షణం పట్టు తప్పితే ఎలా ఉంటుందో ఆ నటుడి ముఖంలో కనిపిస్తుంది.

ఆ తరువాత జరిగినదే నాకు మింగుడుపడటం లేదు. 2007 సెప్టెంబరులో మరొక ముద్దు చూపించారు. మళ్లీ 2008 ఏప్రిల్ దాకా ఆ ఇద్దరూ ముద్దు పెట్టుకోవడం తెరమీద కనిపించదు. ఆ మధ్యలో వచ్చిన క్రిస్మస్ ఎపిసోడ్‌లో ఇద్దరూ దగ్గరగా వంగుతారు, సరిగ్గా అప్పుడే కెమెరా వాళ్లను వదిలేసి పైన వేలాడుతున్న మిసిల్‌టో ఆకుల మీదికి వెళ్లిపోతుంది (క్రిస్మస్ వేళ ఆ ఆకుల కింద నిలబడినవాళ్లు ముద్దు పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ). అదే సీరియల్‌లో మిగతా జంటలను పడకగదిలో చూపించడానికి ఎవరికీ ఏ సంకోచమూ లేదు.

పోనీ, ముద్దుల సంగతి పక్కన పెట్టి కథ చూద్దామన్నా అక్కడా నిరాశే ఎదురవుతుంది. నోవా తండ్రి కర్నల్ మేయర్ ల్యూక్‌ను తుపాకితో కాల్చి చక్రాల కుర్చీకి పరిమితం చేస్తాడు. అది తీరేసరికి, అమీరా అనే ఇరాక్ యువతిని దేశం నుంచి పంపించివేయకుండా ఆపడానికి నోవా ఆమెను పెళ్లి చేసుకుంటాడు. ఆ తరువాత ఒక ప్రమాదంలో నోవాకు చూపు పోతుంది. వీటిలో ఒక్కటి కూడా ఆ ఇద్దరి స్వభావాల నుంచి పుట్టిన కథ కాదు, అన్నీ బయటినుంచి వచ్చి మీద పడినవే. ఛానల్ భయపడి ఇలా చేయించిందా, లేక ఇద్దరు మగవాళ్ల కాపురాన్ని కథగా ఎలా నడపాలో రచయితలకు తెలియలేదా?

సమాధానం 1 (కథారచన నేర్చుకుంటున్న వ్యక్తి)

మీరు చెప్పిన రెండో కారణమే అసలైనదని నా అభిప్రాయం. రోజూ వచ్చే సీరియల్‌ను నడిపించే ఇంధనం రెండే రెండు: ఒకటి ముక్కోణపు ప్రేమ, రెండోది బిడ్డకు తండ్రి ఎవరన్న రహస్యం. ఊరు ఊరంతటిలో గే యువకులు ఇద్దరే ఉన్నప్పుడు మూడో మనిషి ఎక్కడినుంచి వస్తాడు? ఎవరినైనా కొత్తగా తీసుకురావాలి, ట్రాక్ అయిపోగానే అతణ్ణి పంపించివేయాలి. మగా ఆడా జంటలకైతే ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే ఊళ్లో ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఇంకొకరికి మాజీ భర్తో, మాజీ ప్రియుడో అయి ఉంటాడు, కాబట్టి ఏ పాత గాయాన్ని కదిపినా నెల రోజుల కథ దొరుకుతుంది.

ఈ చిక్కును ఒకసారి బాగానే విప్పినవారు కూడా ఉన్నారు. ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ అనే మరో సీరియల్‌లో విల్ హోర్టన్ కథ అందుకు ఉదాహరణ. విల్‌కు సన్నీ అనే యువకుడితో ప్రేమ కుదిరినాక, తన మాజీ ప్రేయసి గ్యాబీ కడుపులో ఉన్న బిడ్డకు తండ్రి విల్లేనని బయటపడటం, ఆ సంగతిని గ్యాబీని పెళ్లాడబోతున్న నిక్ తన చేతిలో ఆయుధంగా పెట్టుకోవడం, విల్ అమ్మమ్మ మార్లెనా అతనికి అండగా నిలబడటం, ఇవన్నీ పాత సీరియల్ సూత్రాలే అయినా, గే యువకుడిని ఆ సూత్రాలకు దూరంగా ఉంచకుండా కథ మధ్యలో నిలబెట్టాయి. విల్‌గా నటించిన చాండ్లర్ మాస్సీకి 2012 నుంచి వరుసగా మూడేళ్లు, పగటిపూట టీవీ కార్యక్రమాలకు ఇచ్చే డేటైమ్ ఎమ్మీ అవార్డు రావడం వెనుక ఆ రాతకు కూడా వాటా ఉంది. 2014 ఏప్రిల్‌లో విల్, సన్నీల పెళ్లి మార్లెనా చేతుల మీదుగానే జరిగింది. అమెరికా మధ్యాహ్నపు సీరియళ్లలో ఇద్దరు మగవాళ్లకు పెళ్లి జరగడం అదే మొదటిసారి.

పెళ్లయ్యాక మాత్రం రచయితల దగ్గర సరుకు అయిపోయింది. సన్నీ పాత ప్రియుడు పాల్‌ను తీసుకువచ్చి, విల్ చేత అతనితోనే తప్పు చేయించారు. ఏ అభద్రత విల్‌ను అటు నెట్టిందో చెప్పడానికి నాలుగు మంచి సన్నివేశాలు రాసి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి. పెళ్లయిన ఏడాదిన్నరకే, 2015 అక్టోబరులో, బెన్ అనే హంతకుడి చేత విల్‌ను గొంతు బిగించి చంపించారు. 2017లో తిరిగి బ్రతికించినప్పుడు అతనికి గతం ఏదీ గుర్తులేదు, పైగా తాను ఆ సీరియల్‌లోని మరో పాత్ర అయిన ఈజే డిమేరానని నమ్ముతుంటాడు. సన్నీ ఎదురుగా నిలబడి నువ్వు నా భర్తవని చెబుతుంటే, విల్ అతణ్ణి ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసే సన్నివేశాల్లో ఇద్దరు నటులూ ప్రాణం పెట్టారు. కానీ అన్నేళ్ల అనుబంధాన్ని రచయితలే తుడిచేశాక ఆ నటన దేనిమీద నిలబడాలి?

సమాధానం 2 (ఇరవయ్యేళ్లుగా చూస్తున్న వీక్షకుడు)

పై సమాధానంలోని వివరాలతో నాకు పేచీ లేదు కానీ, తప్పంతా రచయితల మీద వేయడం సబబు కాదు. ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ను నిర్మించినది ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ, సబ్బులు అమ్ముకునే ఇలాంటి కంపెనీల వల్లే ఈ సీరియళ్లకు సోప్ అన్న పేరు వచ్చింది. సరుకు అమ్ముకునేవారే కథకు యజమానులైనప్పుడు, కొనేవారిలో ఎవరికి కోపం వస్తుందోనన్న లెక్క ప్రతి సన్నివేశం మీదా పడుతుంది. మీరు బాధపడిన ఆ మిసిల్‌టో సన్నివేశంలో మొదటినుంచీ కనిపించేది ఆ లెక్కే. ముద్దు లేని నెలల్లో అభిమానులు ఊరుకోలేదు, ఉత్తరాలు రాసి, ఉద్యమం నడిపి, లెక్కపెట్టి మరీ ప్రశ్నించారు.

రాత బాగున్నా ఫలితం మారదనడానికి ఏబీసీ ఛానల్‌లో వచ్చిన ‘వన్ లైఫ్ టు లివ్’ సీరియల్ నిదర్శనం. కైల్ లూయిస్, పోలీసు ఉద్యోగి ఆలివర్ ఫిష్‌ల కథలో ఫిష్ తననుంచి తానే దాక్కుంటూ గడిపిన కాలాన్ని తొందరపడకుండా చూపించారు. 2009 డిసెంబరు 30న వాళ్లిద్దరూ ఒకటైన రాత్రిని, ఏ ఆకుల మీదికీ కెమెరాను తిప్పకుండా, మిగతా జంటలకు ఇచ్చే మర్యాదతోనే చిత్రీకరించారు. అయినా 2010 ఏప్రిల్ కల్లా ఇద్దరినీ కథలోంచి తీసివేశారు. అక్కడ రచయితలకు చేతకాకపోవడం ఏమీ లేదు, ఛానల్‌కు ఓపిక లేకపోయింది. రేటింగులు పడిపోతూ, ఈ సీరియళ్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్న రోజులవి. వేటు పడవలసి వస్తే మొదట పడేది కొత్తగా వచ్చినవారి మీదే కదా.

ప్రశ్న అడిగినవారు డాక్టర్ రీడ్ ఆలివర్ ప్రస్తావన తీసుకురాలేదు. బహుశా ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉండి ఉంటుంది. నోవాకు ఆపరేషన్ చేయడానికి వచ్చిన ఆ న్యూరోసర్జన్ గర్విష్ఠి, నోటిదురుసు మనిషి, తన పనిలో మాత్రం ఆరితేరినవాడు. అతను గే అన్న సంగతి అతని గురించి మనకు తెలిసే పది విషయాల్లో ఒకటి మాత్రమే, అందుకే ల్యూక్‌తో అతని వాదులాటల్లో ప్రేమ సహజంగా పుట్టింది. అలాంటి మనిషిని సీరియల్ 2010 సెప్టెంబరు 17న ముగియడానికి కొద్ది రోజుల ముందు, పట్టాల మీద చిక్కుకున్న కారులో ఉండగా రైలు గుద్దించి చంపారు. అతని గుండెను క్రిస్ హ్యూస్ అనే మరో డాక్టర్‌కు అమర్చారు. క్రిస్‌కు ప్రేయసి కేటీ తోడుగా మిగిలింది, ల్యూక్‌కు మిగిలినది క్రిస్ ఛాతీలో కొట్టుకుంటున్న ఆ గుండె చప్పుడు వినడం ఒక్కటే. ఈ ఒక్క నిర్ణయం విషయంలో నేను ఏ ఛానల్‌నూ అడ్డం పెట్టి రచయితలను వెనకేసుకురాలేను.

ప్రశ్న అడిగినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. రీడ్ పేరు కావాలనే రాయలేదు, మీరు సరిగ్గానే గ్రహించారు. మీ సమాధానాలు చదివాక టై సరిచేసే సన్నివేశాన్నీ, గుండె చప్పుడు వినే సన్నివేశాన్నీ వెంటవెంటనే పెట్టుకొని చూశాను. ఆ రెండింటి మధ్య ఉన్న మూడేళ్లలో, ల్యూక్ ఎవరితోనైనా కలిసి ఇల్లు సర్దుకోవడమో, డబ్బు దగ్గర చిన్న మాటా మాటా అనుకొని రాత్రికి రాజీపడటమో, హోల్డెన్ ఇంట్లో తన మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని మామూలుగా భోజనం చేయడమో ఎన్నిసార్లు చూపించారో వెతికి, ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను. ‘వన్ లైఫ్ టు లివ్’లో కైల్, ఫిష్‌ల ఎపిసోడ్లు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెబితే, వాటిని కూడా ఇదే వరుసలో చూస్తాను.